గుండ్రటి దస్తూరి

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. డాక్టరమ్మ మీద ఆ అర్జీ రాసింది నేనే. నిన్న మద్దిలపాలెం బస్టాపులో ఒక ముసలామె రేషన్ కాగితం నా ముందు పెట్టి, "కాస్త రాసిపెట్టమ్మా" అంటే పెన్ను అందుకోలేకపోయాను. డైరీలో కూడా ఆ అర్జీ రాసిన రోజు పేజీ ఖాళీగానే ఉంది.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. హార్బరు దగ్గర ఒక ఆసుపత్రిలో మనసు డాక్టరమ్మకి రోగుల మాటలు తర్జుమా చేసే పని. ఆవిడది ఆఫ్రికా. ఓడ ఇంజనీరుగా తిరిగిన మన ఊరి ఆయన్ని పెళ్లాడి వచ్చారు. ఆవిడ తాకిన కుర్చీ అని జనం దాని మీద పేపరు పరుచుకుని కూర్చునేవారు. "ఖనిజం దుమ్ము మన మీద పడితే తెలుస్తాది, ఈవిడి మీద పడితే ఏటి తెలుస్తాది?" అని ఆయా అంటే వరండా అంతా నవ్వేది. ఏమంటున్నారని ఆవిడ అడిగితే, ఇవాళ దుమ్ము ఎక్కువగా ఉందంటున్నారని చెప్పేదాన్ని. మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆవిడ నా చేత తెలుగు అక్షరాలు రాయించుకుని, వాటి మీదే దిద్దుకునేవారు.

ఒకరోజు సబ్బవరం వైపు నుంచి ఒక కోడలిని తెచ్చారు. బిడ్డ పోయిన దగ్గర్నుంచి మాట లేదు, ఊగడమే. అమ్మవారు పూనిందని అత్తగారు అంది. ముందున్న డాక్టరైతే కసిరి పంపేసేవాడు. ఈవిడ మాత్రం, అలాంటప్పుడు మీ ఇళ్లలో ఏం చేస్తారని నన్ను అడిగారు. పసుపునీళ్లతో కాళ్లు కడిగి, ఏం కావాలో అడుగుతామన్నాను. ఆవిడ నేల మీద కూర్చుని అచ్చం అలాగే చేశారు. పిల్ల ఊగడం ఆగింది. "మాయమ్మ దగ్గరికెల్తాను" అంది.

అత్తగారు భగ్గుమంది. "నల్లదాని సెయ్యి అమ్మోరి కాళ్లకి తగలడమేటి? దీన్ని ఇక్కడ డాక్టరుగా ఉంచితే ఊరుకుంతామా!"

"ఈయమ్మ రాత బాగుంటాది, అర్జీ రాయించండి" అని ఆయా నన్ను చూపించింది.

కాళ్లు కడగమని చెప్పింది నేనే అన్న సంగతి అర్జీలో రాయలేదు. వాళ్లు చెప్పిన తిట్లన్నీ గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. కింద వేలిముద్రలు పడ్డాయి.

పదిరోజులకి ఆవిడ ఉద్యోగం పోయింది. బల్ల సర్దుకుంటూ ఆ అర్జీ నా చేతికిచ్చి, చదివి చెప్పమన్నారు. చెప్పాను. ఆవిడ దగ్గర పనిచేసినన్నాళ్లలో ఒక్క తిట్టూ దాచకుండా చెప్పింది ఆ ఒక్కసారే.

ఇది జరిగి ఎనిమిదేళ్లయింది. ఏళ్లు గడిస్తే తప్పు చిన్నదవుతుందనుకున్నాను గానీ, దాన్ని మోసే నేనే చిన్నదాన్నవుతున్నాను. ఆ రోజు నేను చదవడం అయ్యాక ఆవిడ కాగితం వెనక్కి తీసుకుని, తాను రోజూ దిద్దుకున్న నా గుండ్రటి అక్షరాలనే వేలితో తడుముతూ, నా దగ్గర నేర్చుకున్న తెలుగులో నెమ్మదిగా అన్నారు:

"చెయ్యి ఎక్కడా వణకలేదమ్మా."