పుట్ట లేని గొడుగు

2023లో శ్రావణ మాసం రెండుసార్లు వచ్చింది. ఒకటి అధికం, ఒకటి నిజం. మిగతావాళ్ళకి అది పంచాంగం సంగతి. మాచర్లలో బిర్యానీ సెంటర్ నడిపే మస్తాన్‌వలికి మాత్రం గడ్డుకాలం. శ్రావణంలో మాంసం ముట్టని ఇళ్ళు మా వైపు చాలా ఉన్నాయి. నిజ శ్రావణం ఒక్కటి పాటిస్తే చాలని పంతుళ్ళు చెప్పినా, ఎందుకైనా మంచిదని రెండూ పాటించినవాళ్ళున్నారు. ఆ భక్తిలో మస్తాన్ వాటాకి వచ్చినవి ఖాళీ డేగిసాలు.

నాది అదే ఊళ్ళో డీహైడ్రేషన్ యూనిట్. పేరు పెద్దది, పని ఎండబెట్టడం. పల్నాడు ఎండల్లో ఉంటూ ఎండబెట్టడానికి కొట్టు తెరిచిన మొదటి ఆడపిల్ల నేనేనని మా బంధువులు గొప్పగానే చెప్పుకుంటారు, నవ్వాపుకుంటూ. ఎమ్మెస్సీ బోటనీ చదివి, జూనియర్ కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, పిల్లలకన్నా మునగాకు మాట వింటుందని తేలాక ఈ దారిన పడ్డాను. ట్రే డ్రయర్ అంటే చూడడానికి బట్టల బీరువాలాంటిదే. లోపల అరలకు బదులు జల్లెడ పళ్ళేలు, వాటి మధ్య తిరిగే వేడిగాలి. దుమ్ము పడదు, ఈగ వాలదు, వాన వచ్చిందని పరిగెత్తనక్కర్లేదు. కరివేపాకు, టమాటా ముక్కలు, మునగాకు మామూలుగా వచ్చే సరుకు.

ఆ ఏడు ఉరుములతో వానలు పడగానే మస్తాన్‌కి ఒక ఆలోచన వచ్చింది. పుట్టగొడుగుల బిర్యానీ. వెల్దుర్తి అవతల అడవి అంచున ఉండే అంజమ్మ గంపతో తెచ్చి ఇచ్చింది, అతను వండాడు, మధ్యాహ్నానికల్లా అయిపోయింది. ఆ వాసన కోటేశ్వరరావు గారిదాకా వెళ్ళింది. ఆయన పెద్ద రైతు, అంతకన్నా పెద్ద పార్టీ మనిషి. ఆదివారం మీటింగుకి నూరుమందికి అదే బిర్యానీ కావాలన్నారు. పుట్టగొడుగేమో కోసిన మర్నాటికే నల్లబడి జావగారుతుంది. ఆదివారం దాకా ఆగాలంటే ఎండబెట్టాలి. అలా ఒక పొద్దున మస్తాన్ రెండు టబ్బులతో నా దగ్గరికొచ్చాడు.

తడిగుడ్డ తీసి చూశాను. ముక్కలన్నీ ఒకే మందంలో, తెల్లగా, దొంతులుగా ఉన్నాయి. కత్తి పట్టడంలో అతన్ని తప్పుపట్టేవాళ్ళు మా ఊళ్ళో లేరు.

"కడిగావా?"

"రెండు నీళ్ళు పోసి కడిగా మేడం. తోకలన్నీ కోసి పారేశా. మట్టి రేణువు ఉంటే అడగండి."

అదే ఇబ్బంది. అడవి నుంచి వచ్చినదాన్ని గుర్తుపట్టాలంటే అది మొత్తంగా ఉండాలి. బోటనీలో దాన్ని స్పెసిమన్ అంటాం, అంటే వేరుతో, మట్టితో సహా తెచ్చిన నమూనా. మా అడవుల్లో తినే పుట్టగొడుగుకి గొడుగు నడుమ చిన్న మొన ఉంటుంది, కాడ కింద పొడుగాటి తోక ఉంటుంది. ఆ తోక పుట్ట లోపలికి, చెదలు పెంచుకునే బూజు దాకా దిగుతుంది. మస్తాన్ కత్తికి మొనలు ముక్కల్లో కలిసిపోయాయి, తోకలన్నీ అప్పటికే మున్సిపాలిటీ బండి ఎక్కేశాయి.

ముక్కలు కలియబెడుతుంటే ఒక కాడకి చుట్టూ పట్టీ కనిపించింది, గాజు తొడిగినట్టు. అంజమ్మ తెచ్చేవాటికి అంత అలంకారం నేనెప్పుడూ చూడలేదు.

"ఇది ఎక్కడిది మస్తాన్?"

"అన్నీ అంజమ్మక్కవే మేడం." ఆ మాట నాతో కాక డ్రయర్‌తో చెప్పాడు. నేనింకా కాడ వంకే చూస్తుంటే, "వెండి ఉంగరం వేసి ఉడకబెట్టి గూడా చూశా. నల్లబళ్ళా," అన్నాడు.

"అంటే ఉంగరానికి ఏం కాలేదని. పుట్టగొడుగు సంగతి ఉంగరానికేం తెలుసు?"

అంజమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"ఏందమ్మాయ్, పొద్దున్నే?"

"మస్తాన్‌కి ఎన్ని గంపలిచ్చావు అంజమ్మా?"

"ఒకటే. ఇంకోటి కావాలన్నాడు, లేదన్నా, మూతి ముడుచుకోని పోయాడు. ఏమైంది, తిని పడ్డాడా?"

"లేదు, ఎదురుగానే నిలబడ్డాడు."

"ఇంకేం మరి."

"ఏందక్కా, నేను బాగుంటే నీకు బాధేంది?" అని మస్తాన్ గింజుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చాలకపోతే సాగర్ కాలవ గట్టు మీద కోశా మేడం. గేదెలు మేసే గడ్డిలో. చానా పెద్దవి, తెల్లగా ఉన్నయ్. గొడుగు లాగానే ఉన్నయ్. పుట్టగొడుగు గాకపోతే ఏందది?"

"ఆడ పుట్ట ఉందా?" ఫోన్లోంచి అంజమ్మ.

"పుట్ట లేదు."

"పుట్ట లేకుండా పుట్టగొడుగు యాడిదిరా? వట్టి గొడుగు!"

నాకు నవ్వొచ్చింది గానీ, ఆ తప్పు మస్తాన్ ఒక్కడిదే కాదు. ఆ పేరులోనే దాని ఇల్లు ఉంది. మనం వాడి వాడి అరగదీశాం. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాలో దొరికేదాన్ని కూడా పుట్టగొడుగనే అంటాం. దాని వంశంలో ఎవరూ పుట్టని చూసి ఉండరు.

"ఏరేద్దాం మేడం. గాజు ఉన్నవి తీసేస్తే పోలా?"

"గాజు కాడకే. మిగతా ముక్కల్ని ఎట్టా ఏరతావు? రెండూ కలిపేశావుగా."

అతనికి నమ్మకం కుదరలేదు. అందుకని స్పోర్ ప్రింట్ తీశాను. గొడుగు అడుగున ఉండే రేకుల్లోంచి కంటికి ఆనని పొడి రాలుతుంది. రేకులు కిందికి ఉండేలా తెల్లకాగితం మీద పెట్టి గిన్నె బోర్లిస్తే ఆ పొడి రంగు తెలుస్తుంది. అది విషమా కాదా అన్నది ఈ పరీక్ష చెప్పదు. ఒక రకమే ఉందా, కలిశాయా అన్నది తేలుస్తుంది. రెండు టబ్బుల్లోంచీ కొన్ని ముక్కలు తీసి, తడి అద్ది, పెట్టాను. మస్తాన్ సాయంత్రం దాకా గిన్నెల ముందే కూర్చున్నాడు, దమ్ము మీద బిర్యానీకి కాపలా ఉన్నట్టు.

గిన్నెలు ఎత్తితే కొన్ని కాగితాల మీద లేత గులాబీ రంగు. కొన్నిటి మీద పాచి ఆకుపచ్చ. రెండు టబ్బుల్లోనూ అంతే. గడ్డిలో మొలిచి, గాజు తొడుక్కుని, ఆకుపచ్చ పొడి రాల్చే రకం గురించి పుస్తకాల్లో చదివాను. తిన్నవాళ్ళకి వాంతులు, విరేచనాలు. నూరుమంది కార్యకర్తలు, ఒక ఫంక్షన్ హాలు, రెండు బాత్రూములు. సభ సజావుగా సాగే వీలు తక్కువ.

"నేను వీటిని ఎండబెట్టను మస్తాన్. వేడికి నీళ్ళు పోతాయి, విషం పోతుందని నమ్మకం లేదు. ఎండాక అన్నీ ఒకేలా గోధుమరంగు వడియాల్లా ఉంటాయి. అప్పుడు అంజమ్మ కూడా పోల్చలేదు, నేనూ పోల్చలేను."

అతను పచ్చ మరక ఉన్న కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"మేడం, ఒక్కడు కక్కుకున్నా పుట్టగొడుగు అనరు. శ్రావణంలో సాయిబు కోడిముక్క కలిపాడంటారు. తర్వాత నేనేం చెప్పినా ఎవరింటారు?"

టబ్బులు అతనే ఎత్తాడు. పశువులు నోరు పెట్టకుండా పెరట్లో లోతుగా గొయ్యి తీసి పూడ్చాం. అక్కడే నిలబడి కోటేశ్వరరావు గారికి ఫోన్ చేశాడు. "అయ్యా, పుట్టగొడుగులు కుదరలా. మీల్ మేకర్ వేసి చేస్తా, ఏమనుకోకండి." అవతల ఆయన ఇంకెవరితోనో మాట్లాడుతూనే, "కానీ కానీ," అన్నారు.

ఆదివారం భోజనాల దగ్గర ఏం జరిగిందో మస్తానే వచ్చి చెప్పాడు. కోటేశ్వరరావు గారు రెండోసారి వడ్డించుకుని, అందరికీ వినబడేలా, "ఎంతైనా మన అడవి పుట్టగొడుగు రుచే వేరబ్బాయ్!" అన్నారట.

"అయ్యా, అది మీల్ మేకర్," అన్నాడట మస్తాన్.

"అదే, ఆ రకమే చానా బాగుంది."

ఆ సంగతి తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. అంతకుముందు సరుకు తెచ్చినవాళ్ళని "కడిగారా?" అని మొదట అడిగేదాన్ని. ఇప్పుడు "ఎక్కడ కోశారు?" అని అడుగుతున్నాను. శుభ్రం తర్వాతైనా చేసుకోవచ్చు. కడిగేసిన మట్టిని మళ్ళీ అంటించలేం. కొట్టు ముందు బోర్డు కూడా పెట్టాను: 'పుట్టగొడుగులు మట్టితో, తోకతో తెస్తేనే తీసుకుంటాం.' దారినపోయేవాళ్ళు ఆగి రెండుసార్లు చదువుకుని వెళ్తున్నారు.

మళ్ళీ ఉరుముల వాన పడ్డాక మస్తాన్ వచ్చాడు. ఈసారి అంజమ్మ గంపే, అలాగే ఎత్తుకొచ్చాడు. బల్ల మీద పేపరు పరిచి ఒక్కొక్కటే పెట్టాడు. నడుమ మొన, కాడ కింద మూరెడు తోక, తోకకి ఎర్రటి పుట్టమట్టి పెళ్ళలు.

"చూసుకోండి మేడం. అడ్రస్ ప్రూఫ్‌తో సహా తెచ్చా."

చూసుకున్నాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. మట్టిలో కొన్ని చెదలు కూడా వచ్చాయి. వాటి అడ్రస్ మాత్రం మారింది. ప్రస్తుతం మా తలుపు చట్రంలో ఉంటున్నాయి.