చేతి వెనక సెగ

ఆసుపత్రి బాయిలర్ చూసే పౌలు గొట్టాల వేడిని అరచేత్తో చూడడు. కాయలు కాసిన అరచేతికి సెగ తెలియదని, చెయ్యి తిరగేసి ఆనిస్తాడు. సరిపోయిందనిపిస్తే "స్తోత్రం" అంటూ ఎద్దు వీపు నిమిరినట్టు బాయిలర్‌ని నిమురుతాడు. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది ఆగస్టులో రంగూనంతా సమ్మెకట్టి, వీధుల్లో తుపాకులు పేలుతుంటే బాయిలర్‌కి కర్రలు తెచ్చే లారీ రావడం మానేసింది. మంట ఆర్పేసి, అవసరమైనప్పుడే వెలిగించమన్నాడు సూపర్వైజర్ జగదీశ్వరరావు. "ఏటి రావుగారూ! ఆర్పి ఎలిగిస్తా ఉంటే ఉన్న కర్రంతా ఈ ఇనప్పొట్ట ఏడెక్కడానికే సరిపోద్ది. సిన్న మంట ఉండనీండి. మనుసులు లేని గదులికి ఆవిరి నాను కట్టేత్తాను," అన్నాడు పౌలు. ఆఫీసు, బట్టలుతికే గది, ఖాళీ వార్డుల వాల్వులన్నీ తిప్పేసి, ఒక్క కాన్పుల గది గొట్టమే తెరిచి ఉంచాడు. పొయ్యి ముందే చాప పరుచుకుని, కర్ర వెనక కర్ర పెడుతూ రెండు రోజుల కర్రని ఆరు రోజులు లాగాడు. ఆరో రోజు మధ్యాహ్నం, ఇంటికి బయల్దేరిన ఒక బాలింత బాయిలర్ గది గుమ్మం దగ్గర ఆగి, బర్మా భాషలో కృతజ్ఞత చెప్పి, వేణ్ణీళ్ళు పోయించుకున్న పసిగుడ్డుని ముందుకు చాపింది. మసి చేతులు చూసుకుని పౌలు వెనక్కి తగ్గాడు. తర్వాత చెయ్యి తిరగేసి, చిట్టి పాదానికి ఆనించాడు. "స్తోత్రం," అన్నాడు. ఆ పూట బాయిలర్‌ని నిమరడం మరిచిపోయాడు.