రెండో తాళంచెవి

కొట్టు అంటే రెండు స్టూళ్లు పట్టే చెక్కపెట్టె. ఒక స్టూలు మీద తాళాల మేస్త్రి, రెండో దాని మీద అతని అక్క మొగుడు. పని చేసేటప్పుడు ఇద్దరి మోకాళ్లూ తగులుతుంటాయి. పదిహేనేళ్లుగా తగులుతూనే ఉన్నాయి. ఆకురాయి పట్టడం నేర్పింది బావే. కొట్టు బావది. మేస్త్రి ఉంటున్న రెండు గదులు కూడా బావ ఇంట్లోవే. మేస్త్రి భార్య పోయిన రోజు ఐదేళ్ల పిల్లను చంకనేసుకుని, "నేను లేనుట్రా?" అంది అక్క. ఇప్పుడు పిల్లకి ఎనిమిది.

ఆ రోజు మోకాలు తగిలినప్పుడల్లా మేస్త్రి ఒళ్లు బిగుసుకుపోతోంది.

"ఏంటి బామ్మర్దీ, పొద్దున్నుంచీ మూతికి తాళం వేసుక్కూచున్నావు? చెవి ఎక్కడ పారేశావు?" అన్నాడు బావ. పెట్టె తాళం బాగుచేయించుకోడానికి వచ్చినాయన కూడా నవ్వాడు.

"పన్ను నొప్పి బావా."

"పీకించెయ్. ఉన్నవాటితో నువ్వు నమిలేదేముంది."

టైము పదకొండున్నర. రెండింటికి బావ భోజనానికి లేస్తాడు. రెండున్నరకి పిల్ల బడి నుంచి వస్తుంది. హాస్టల్ వంటగదిలో పని ముగించుకుని అక్క వచ్చేసరికి ఐదు దాటుతుంది. ఈలోగా పిల్లకి అన్నం పెట్టేది మామయ్యే. అందుకని తన తలుపుకి రెండో తాళంచెవి మేస్త్రే స్వయంగా కోసి, అంచులు నున్నగా తోమి, బావ చేతిలో పెట్టాడు.

పొద్దున జడ వేస్తుంటే పిల్ల చెప్పింది. తల తిప్పకుండా, దువ్వెన పళ్లు గోటితో మీటుతూ చెప్పింది. మామయ్య ఏం చేస్తున్నాడో, ఎవరికీ చెప్పొద్దని ఏమన్నాడో. తర్వాత, "రిబ్బను గట్టిగా కట్టు నాన్నా" అంది.

అసలు నెల కిందటే అడిగింది. "లోపలున్నవాళ్లు తప్ప ఎవ్వరూ తియ్యలేని తాళం చేస్తావా నాన్నా?" అని. మేస్త్రి మురిసిపోయాడు. మర్నాడు కొట్టులో చెప్పుకున్నాడు కూడా: "తాళాలవాడి కూతురనిపించుకుంది బావా." బావ తొడ చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఎక్కడైనా తడబడిందా అని మేస్త్రి ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నాడు. తడబడలేదు.

పిల్లను బళ్లో దింపి, కొట్టుకి రాకముందే తలుపు తాళం మార్చాడు. తనకు చేతనైంది అది. మెట్లు దిగుతుంటే అర్థమైంది, ఆ తాళం ఈ ఒక్క మధ్యాహ్నం కూడా కాపాడదని. తలుపు మూసి ఉంటే బావ, "మా గదిలోకి రా తల్లీ" అంటాడు. అంతే కదా.

పన్నెండింటికి పక్క వీధి నుంచి కబురొచ్చింది, ఒకావిడ బయటుండగా తలుపుకి తాళం పడిపోయిందని. బావ లేవబోతే, "నువ్వు కూచో" అని మేస్త్రి సంచి అందుకున్నాడు. మూడో అంతస్తులో ఆ తలుపు రెండు నిమిషాల్లో తీసి, ఒక మలుపు కిందికి దిగి, మెట్ల మీద కూలబడ్డాడు. సంచిలో పొద్దున పెట్టుకున్న పిల్ల పాత వాచకం ఉంది. దాని వెనక అట్ట మీద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు.

ఫోన్ చేస్తే ఒకామె ఎత్తింది. ఆమె అడుగుతుంటే, అతను చెప్పగలిగినంత చెప్పాడు.

"నా దగ్గర రుజువేం లేదమ్మా. పిల్ల మాట తప్ప."

"రుజువు మీరు తేనక్కర్లేదండీ, అనుమానం చాలు. పాప ఇప్పుడెక్కడుంది?"

"బళ్లో."

"హెడ్‌మిస్ట్రెస్‌కి ఇప్పుడే ఫోన్ చెయ్యండి. పాపను మీతో తప్ప ఎవరితోనూ పంపొద్దనండి. మూడింటికి మా మనిషి బడికొస్తుంది, మీరూ రండి. పోలీసులకి చెప్పాలన్నా, డాక్టరుకి చూపించాలన్నా ఆవిడ తోడుంటుంది. పాప ఏ మాట ఎలా అందో అలాగే కాగితం మీద రాసుకోండి. మళ్లీ మళ్లీ గుచ్చి అడక్కండి, అడిగే పద్ధతి తెలిసినవాళ్లు మెల్లగా అడుగుతారు. అతన్ని మాత్రం నిలదియ్యకండి."

"మోకాలు తగిలేంత దగ్గర్లో కూచుంటాడమ్మా."

"పాప చెప్పినప్పుడు మీరేమన్నారు?"

"ఏమీ అన్లేదు. జడ వేశాను."

"నమ్ముతున్నానని చెప్పండి. తన తప్పేం లేదని చెప్పండి. ముందు అదే. ఇవాళ్టి నుంచి మీరిద్దరూ ఎక్కడుండాలో కూడా చూద్దాం. మీక్కూడా మాట్లాడ్డానికి మనిషి కావాలి."

"నాకెందుకమ్మా."

"కావాలండీ. అతని పేరు చెప్పండి."

ఆ పేరు మేస్త్రి నోటితో ఎన్నడూ పలకలేదు. బావ అంటే బావే. ఫోన్ చెవికి ఆనించుకుని, కింది మెట్టు మీద ఎవరైనా ఉన్నారేమో చూసి, చెప్పాడు. ఆమెకి వినబడలేదు. రెండోసారి చెప్పాడు. చెప్తుంటే అక్క ముఖం కళ్లముందు నిలబడింది, అది పక్కకి తప్పుకోలేదు.

హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడి కొట్టుకి వచ్చేసరికి ఒంటిగంట. తను కనబడకపోతే బావ బడికే ఫోన్ చేస్తాడు. అందుకే వచ్చి కూచున్నాడు. మోకాలు తగిలింది. తియ్యలేదు.

రెండింటికి బావ చొక్కా దులుపుకుని లేచాడు. "వెళ్తా. పిల్ల వచ్చేస్తుంది."

"ఇవాళ బళ్లో ఆటలంట, మూడుదాకా రాదు. పొద్దున తలుపు తాళం పట్టేసింది బావా, మార్చాను. కూచో, చెవి కోసిస్తా."

గాట్లు పడని కొత్త చెవి ఒకటి తీసి బిగించి, ఆకురాయితో రాయడం మొదలెట్టాడు. బావ వంగి చూశాడు.

"అసలుది ఎదర పెట్టుకోకుండానే కోస్తున్నావే?"

"గాట్లు గుర్తున్నాయి. నువ్వు నేర్పిందేగా."

"అబ్బో," అన్నాడు బావ. అన్నాక కూచున్నాడు.

ఆకురాయి మెల్లగా నడిచింది. ఒక్కో గాటు రాసి, వెలుతురుకి పట్టి చూసి, మళ్లీ రాశాడు. ఇత్తడి పొడి ఇద్దరి ఒళ్లోనూ పడుతోంది. బావ ఏదో సినిమా కబురు చెప్తుంటే "ఊఁ" కొట్టాడు. పావు తక్కువ మూడుకి అంచులు నున్నగా తోమి, పొడి ఊది, చెవి అందించాడు. ముచ్చటైన చెవి. ఏ తాళానికీ పట్టదు.

"పన్ను పీకించుకొస్తా బావా" అని మేస్త్రి కొట్టు దిగాడు. బడివైపు నడుస్తూ, ఫోన్లో ఆమె పిల్లతో అనమన్న రెండు ముక్కలూ పెదాలతో పలికి చూసుకున్నాడు. మొదటిది వచ్చింది. రెండోది సగంలోనే ఆగిపోతోంది. బడి గేటు ఇంకా చాలా దూరం ఉంది. మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాడు.