ముగ్గుపిండి మీద జాడ

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం, ఆఫ్రికాలోని బోట్స్వానాలో లెక్కల మాస్టరుగా పనిచేసే మా చిన్నాయన సెలవుల మీద లాల్‌దర్వాజాలోని మా ఇంటికి వచ్చాడు. గడియారాలు, సెంట్లు తెస్తాడనుకున్న చుట్టాలకు ఆయన తెచ్చింది కబుర్లే. సముద్రం మొహం చూడకుండా ఇసుకలోనే ఇంకిపోయే నది, దాని రెల్లు మధ్య ఈదుకుంటూ పోయే ఏనుగుల మంద, కనుచూపుమేర తెల్లగా మెరిసే ఉప్పునేలలు. నేను అన్నం మరిచి వినేదాన్ని.

అన్నిటికన్నా ఆయన మెచ్చుకున్నది అక్కడ జాడలు చదివే ఒక ముసలాయనను. గోళ్ల గుర్తులు పడితే హైనా, పడకపోతే సింహం అనేవాడట. ఏనుగుల అరికాలి పగుళ్లు మన వేలిముద్రల్లాగే దేనివి దానికే వేరట. చిన్నాయన అదంతా వాకిట్లో దుమ్ము మీద గీసి నేర్పాడు. వారం తిరిగేసరికి మా గల్లీలో నడిచిపోయింది మేకో కుక్కో, ఎవరి చెప్పో చూడగానే చెప్పేదాన్ని.

ఆ వారంలోనే, చిన్నాయన కోసం బెల్లం, కొబ్బరి కూరి అమ్మ చేసిన గరిజెలు సామాన్ల గదిలోని డబ్బాలో తగ్గసాగాయి. నింద నా మీద పడింది. అంతకుముందు బెల్లం దొంగిలించి దొరికిన చరిత్ర నాది, ఎవరు నమ్ముతారు? అమ్మ వీపు మీద రెండు వేసింది. "గింత పోరికి గంత తిండి యావ ఏంది?" అని మా నాన్న తల్లి బాపమ్మ కూడా అంది. అది దెబ్బలకన్నా ఎక్కువ మండింది.

నన్ను నమ్మింది చిన్నాయన ఒక్కడే. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చే ముందు సామాన్ల గది గడప లోపల ముగ్గుపిండి పలచగా చల్లాడు. గంట తరువాత ఇద్దరం పోయి చూశాం. వెడల్పాటి పాదాలు, ఎడమకాలు ఈడ్చిన గీత, పక్కనే చేతికర్ర గుండ్రటి గుర్తులు. షుగరని డాక్టరు తీపి మాన్పించిన మా బాపమ్మ!

సంతోషంతో అమ్మను కేకేయబోయాను. అప్పటికే చిన్నాయన ఆ గుర్తులన్నీ కాలితో చెరిపేస్తున్నాడు. పైగా అమ్మ దగ్గరికి పోయి, "తిన్నది నేనే వదినా" అన్నాడు.

"నీ కోసమే చేస్తి గదా, అడిగితే పెట్టకపోదునా!" అని అమ్మ నవ్వింది. నాకు మాత్రం ఉక్రోషంతో ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం బాపమ్మ వింటుండగానే ఆయన నాకు ఇంకో సంగతి చెప్పాడు. ఒకనాడు జీపు నిండా జనం సింహం కోసం ఎదురుచూస్తుంటే ముసలాయనకు జాడ దొరికిందట. ఆడసింహం, వెంట మూడు పసికూనలు, రెల్లులోకి పోయిన జాడ. చూపిస్తే మంచి ఇనామే దొరికేది. ఆయన మెల్లగా దిగి, చెప్పుతో ఇసుక చదును చేసి, గాలికి జాడ పోయిందని జీపు వెనక్కి తిప్పించాడట.

"జాడ చదువుడు ఎవరైనా నేర్సుకుంటరు బిడ్డా. యాడ ఆగాల్నో గాయినకే ఎరుక," అన్నాడు చిన్నాయన.

బాపమ్మ చేతికర్ర పక్కన పెట్టి నా వైపు జరిగింది. తరువాత, "గా పిల్లలు బతికినయా కొడుకా?" అని అడిగింది.

"బతికినయమ్మా."

ఆమె నన్ను దగ్గరకు లాక్కుని తల దువ్వింది. మరునాటి నుంచి గరిజెలు తగ్గలేదు.

నాకిప్పుడు అరవై దాటాయి. ఎవరి తప్పయినా కంటబడితే నోరు ఈనాటికీ దురద పెడుతుంది. అప్పుడు బాపమ్మ చేయి నా తల మీద ఉన్నట్టే ఉంటుంది. చాలాసార్లు నోరు మూసుకుంటాను.