కొండ మీది ఉపవాసం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు తన కంప్యూటర్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "అమ్మమ్మా, ఓల్డ్ మూవీ దొరికింది. నువ్వు చెప్పింది ఇదేనా?" అంది. హాల్లో గోడమీద, మంచులో జారే స్కీలు భుజాన వేసుకుని నవ్వుతున్న మా తమ్ముడి ఫోటో గురించి అది అడగడం, నేను నోరుజారి ఆ సినిమా సంగతి చెప్పడం అంతకు ముందు వారం జరిగింది. ఈ కాలప్పిల్లల దగ్గర ఏదీ ఊరికే అనకూడదు, వెతికి పట్టుకొచ్చేస్తారు. తెరమీద అదే తెల్లటి కొండ, అదే ఎర్రకోటు మనిషి.

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో సన్నీవేల్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. పక్క ఊరు శాంటా క్లారాలో ఉద్యోగం చేస్తూ తమ్ముడు మాతోనే ఉండేవాడు. మా తెలుగు సంఘంవాళ్ళం ఒక అమెరికన్ చర్చి హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన పెట్టుకునేవాళ్ళం. తర్వాత భోజనాలు. నెలకోసారి భోంచేస్తూ చూడ్డానికి లైబ్రరీ నుంచి తెచ్చిన సినిమా. ఆ నెల సినిమా పేరులో 'కొండ' అని ఉండేసరికి మా పాస్టరుగారు అది బైబిల్లోని ఏ సీనాయి కొండ గురించో అనుకుని తెప్పించారు. తీరా ప్రొజెక్టర్ వేస్తే, ఎర్రకోటు మనిషొకడు మహా ఎత్తయిన కొండెక్కి, నిట్టనిలువు మంచుమీద స్కీలతో కిందికి జారడమే సినిమా అంతా. పాస్టరుగారు ఇబ్బందిగా దగ్గారు గానీ ఆపమనలేదు. నేను వంటగదిలో కూర వేడిచేస్తూ, పులిహోర సర్దుతూ సగమే చూశాను. చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఆ మనిషి జారుతున్నాడు. సంగీతం లేదు, అతని ఊపిరి చప్పుడొక్కటే వినిపిస్తోంది. తమ్ముడి పళ్ళెం ముట్టినట్టే లేదు. "తినరా" అన్నాను. వినిపించుకోలేదు. ఎందుకో నా మనసు కీడు శంకించింది.

ఆ తర్వాత వాడు లైబ్రరీకి వెళ్ళి అదే సినిమా మూడుసార్లు చూసొచ్చాడు. రెండు చలికాలాలు వారం వారం మంచుకొండలుండే టాహో వైపు డ్రైవ్ చేసుకెళ్ళి స్కీయింగ్ నేర్చుకున్నాడు. మూడో ఏడు, అందరూ జారే చోట్లు వాడికి చప్పగా అనిపించాయి. నేనూ నా ఫ్రెండ్సూ ఎవరూ దిగని ఒక కొండవాలు చూసుకున్నాం, శనివారం వెళ్తున్నాం అన్నాడు.

"వెదర్ చెక్ చేశామక్కా, ఏం కాదు. ఈ ఒక్కసారికీ వెళ్ళనీ."

వద్దంటే వినే మనిషి కాదు. మా పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరికి గండం వచ్చినా ఇంటిల్లిపాదీ ఉపవాస ప్రార్థన చేస్తాం, గండం దాటాల్సిన మనిషితో సహా. వీసా ఇంటర్వ్యూకి వాడు ఖాళీ కడుపుతోనే వెళ్ళి వీసా తెచ్చుకున్నాడు. అందుకని నా నమ్మకం మరీ గట్టిది.

"అయితే నాతోపాటు ఉపవాసం ఉండు. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా."

"అక్కడ కూడానా?" అన్నాడు. నా మొహం చూసి నవ్వేశాడు. "సరేలే. నువ్వు తినకపోతే నేనూ తినను."

పెద్ద గెలుపు గెలిచినట్టు సంతోషించాను. శనివారం సంఘం ఆడవాళ్ళు నలుగురు మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి మోకరించారు. ఉపవాసం విడిచేటప్పుడు కలిసి తినాలని, వాడికిష్టమైన చేపల పులుసు ముందే వండి మూతపెట్టాను. బయట ఎండ కళ్ళు చెదిరేలా కాస్తోంది. మూడింటికి ఫోన్ మోగింది. మా ఆయన ఎత్తి "యెస్" అన్నారు. మళ్ళీ "యెస్" అన్నారు. ఫోన్ పెట్టేసి, నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తమ్ముడు ఇక లేడన్నారు.

వారం తర్వాత, వాడితో వెళ్ళిన తెలుగు కుర్రాడొకడు వాడి కోటు తెచ్చిచ్చాడు. తల దించుకుని మెల్లగా చెప్పాడు. "కళ్ళు తిరుగుతున్నాయన్నాడక్కా. చాక్లెట్ ఇస్తే తీసుకోలేదు. మా అక్క అక్కడ తినకుండా కూర్చుంది, సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. మలుపు దగ్గర తిరగలేకపోయాడు." సంఘంలో అందరూ దేవుని చిత్తం అన్నారు. నేనూ తలూపాను. ఆ కుర్రాడన్న మాట మా ఆయనకి కూడా చెప్పలేదు. తప్పు నాదని తెలిసీ దేవుడి మీదికి నెట్టి ఊరుకున్నాను.

మొన్న ఆ సినిమా మొదటిసారి పూర్తిగా చూశాను. జారడానికి ముందు ఆ ఎర్రకోటు మనిషి మంచులో కూర్చుని, సంచిలోంచి రొట్టె తీసి, తొందర లేకుండా నమిలి తిన్నాడు. ఫ్లాస్కులోంచి వేడిగా ఏదో తాగాడు. "లుక్ అమ్మమ్మా, లంచ్ బ్రేక్!" అని మనవరాలు నవ్వింది. ఆ రోజు చర్చి హాల్లో ఈ ముక్క వచ్చేటప్పుడు నేను వంటగదిలో ఉన్నాను. తమ్ముడు మాత్రం అది నాలుగుసార్లు చూశాడు. తినకుండా దిగకూడదని వాడికి తెలుసు. తెలిసే నాకు సరే అన్నాడు.

సాయంత్రం కాగానే కలిసి తిందామనుకున్నాం. నలభై ఏళ్ళు దాటాయి, నాకు ఆ శనివారం ఇంకా సాయంత్రం కాలేదు.