నర్సమ్మత్త సంచిలో కొత్త బట్టలు

పోయిన నెల ఒక మంగళవారం, బడిలో రెండో పీరియడ్ జరుగుతుండగా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, అత్త పోయింది" అంది. "ఏ అత్త?" అన్నాను నేను. "ఎదురింటి అత్త" అని పెట్టేసింది.

మా వాకిలికీ ఆమె వాకిలికీ మధ్య ఉన్నది ఒక సిమెంటు రోడ్డు, అదీ ఇరుకైనది. నేను బడికి బయలుదేరేటప్పటికే ఆమె గుండె ఆగిపోయిందట. రెండేళ్ళుగా ఆ గేటు వైపు చూడకుండా నడవడం నాకు అలవాటు కాబట్టి ఆ పొద్దున కూడా చూడలేదు. మాకు మేనత్తలు లేరు. అత్తా అని పిలవడానికి ఉన్నది ఆమె ఒక్కతే. అయినా ఏ అత్త అని అడిగాను చూడండి, అందుకు నన్ను నేను ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆమె మాకు బంధువు కాదు. సర్కారు ఆసుపత్రిలో ముప్పయ్యేళ్ళకు పైగా నర్సుగా చేసి రిటైరైంది. వీధి మొత్తానికి నర్సమ్మ, మాకు నర్సమ్మత్త. పుట్టింది చిత్తూరు పక్క పల్లెలో. తిరుపతిలో ఎన్నేళ్ళున్నా ఆమె నోట "చూడు" అన్న మాట రాలేదు, "సూడు" అనే అనేది. నేను తెలుగు చెప్పే పంతులమ్మను కదా, ఆ మాట పట్టుకుని ఒకప్పుడు తెగ ఆటపట్టించేదాన్ని. "నువ్వు సక్కంగా రాయి మే, నేను సక్కంగా సూదేస్తా" అని నవ్వేది. ఆడపిల్లలందరినీ 'మే' అనే పిలిచేది. ఎవరింటికి పోయినా ముందు చేతులు కడుక్కునేది. కాఫీలో చక్కెర వద్దని, బెల్లం ముక్క పక్కన పెట్టుకుని కొరుక్కుంటూ తాగేది. ఏ ఇంట్లోనూ మంచం మీద, కుర్చీలో కూర్చునేది కాదు, నేలమీదే. రోగి కంటే ఎత్తులో కూర్చుంటే రోగి నిజం చెప్పడని ఆమె నమ్మకం.

ఆమె తలుపు వెనక మేకుకు ఒక ఖాకీ గుడ్డసంచి వేలాడుతుండేది. రేషను సంచి అనుకునేవాళ్ళం. అందులో ఏముందో నాకు తెలిసిన రోజు మా ఇంటికి మంచి రోజు కాదు.

ఆ రోజు సంగతి మా చెల్లెలిది. రాయొచ్చా అని అడిగాను. "రాయి. నా పేరు వద్దు. నువ్వు చేసింది మాత్రం దాచొద్దు" అంది. అందుకని దాచడం లేదు.

రెండేళ్ళ కిందట చెల్లెలు చిత్తూరులో ఒక పరీక్ష రాసింది. మధ్యాహ్నం బయటికి వచ్చేసరికి బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఫోన్లో యాప్ తెరిచి తిరుపతికి కారు పిలుచుకుంది. పట్టపగలు, పెద్ద రోడ్డు, ఫోన్లో డ్రైవరు పేరూ ఫొటో కనబడుతున్నాయి. ఇంకేం భయం అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. దగ్గరిదారి అని చెప్పి వాడు కారును మామిడితోటల్లోకి తిప్పాడు. అక్కడ అత్యాచారం చేశాడు. ఆ తర్వాత ఏమీ జరగనట్టు తీసుకొచ్చి అలిపిరి దగ్గర దించిపోయాడు. అక్కడినుంచి నడిచి వచ్చి, పెరటి గుమ్మం దగ్గర నిలబడి, ఈ నాలుగు ముక్కలూ నాకు చెప్పింది.

మా ఇంట్లో మడి ఎక్కువ. నాయన కొండమీద గుడిలో కొలువు చేసినన్నాళ్ళే కాదు, ఆయన పోయి మేం ముగ్గురం ఆడవాళ్ళం మిగిలాక కూడా ఆ పద్ధతి మారలేదు. చావింటికి పోయొచ్చినా, ఆసుపత్రికి పోయొచ్చినా, బయట ఏ చెడు తగిలినా పెరట్లో తలకు పోసుకున్నాకే లోపలికి అడుగు. అమ్మ ఏడుస్తూ నీళ్ళు కాచింది. నేను చెంబుతో పోశాను. ఒళ్ళంతా పసుపు రుద్దాను. విడిచిన బట్టలు సబ్బునీళ్ళలో పిండి, వీధికి కనబడకుండా పెరటి గోడ చాటున ఆరేశాను. వాడి పేరు మళ్ళీ దాని కంటపడకూడదని ఫోన్లోంచి ఆ యాప్ కూడా తీసేశాను. ఇదంతా ప్రేమతోనే చేశాను. చెల్లెలు నేను చెయ్యెత్తమంటే ఎత్తింది, దించమంటే దించింది.

దాని మణికట్టు వాచిపోతుంటే పైపూత మందు అడుగుదామని ఎదురింటికి పోయాను. డ్రైవరు చెయ్యి పట్టి లాగాడని మాత్రమే చెప్పాను. అత్త నా తడిసిన కుచ్చిళ్ళు చూసింది, నా ముఖం చూసింది, తలుపు వెనక సంచి తీసుకుని నాకంటే ముందు రోడ్డు దాటింది.

వచ్చి చెల్లెలికి కాస్త ఎడంగా నేలమీద కూర్చుంది. నేను ఎదురు చూసిన ప్రశ్న ఒక్కటీ అడగలేదు. ఎక్కడ, ఎవడు, నువ్వెందుకు ఎక్కావు, ఏమీ లేదు. గ్లాసుతో నీళ్ళిచ్చింది. "తాగు. నాకేం సెప్పాల్సిన పన్లేదు. నీకేం కావాల్నో అది సెప్పు సాలు" అంది. చాలాసేపటికి చెల్లెలు ఆసుపత్రికి పోవాలంది. ఇంటికి వచ్చాక తన ఇష్టంగా అన్న మొదటి మాట అదే. నీకేం కావాలని నేను అడగలేదు, అమ్మ అడగలేదు.

అప్పుడు అత్త నా వైపు తిరిగి, "బట్టలు యాడ?" అంది. పెరట్లోకి తీసుకుపోయి చూపించాను. ఆమె ముఖం ఎర్రబడుతుందేమో అనుకున్నాను. అదీ లేదు. అంతా నేనే కడిగేశానా అత్తా, ఇంక ఏమీ మిగల్లేదా అని అడిగాను.

"నీళ్ళు పోస్తే కొంత పోతాది మే, అంతా పోదు. పోయినదాని గురించి ఇప్పుడొద్దు. ఉండేదాన్ని సూద్దాం" అంది.

ఉన్నదాన్ని ఎలా చూడాలో ఆ సాయంత్రం ఆమె వెనకే తిరిగి నేర్చుకున్నాను. తడి బట్టలను ఎండకు పెట్టొద్దంది. ఫ్యాను కింద నీడన ఆరబెట్టించి, సంచిలోంచి మందుల అంగడి కాగితం కవర్లు తీసి ఒక్కో బట్ట ఒక్కో కవర్లో వేయించింది. ప్లాస్టిక్ అయితే చెమ్మ పట్టి ఉన్న ఆధారమూ పాడవుతుందట. తీసేసిన యాప్‌ను అదే నంబరుతో మళ్ళీ పెట్టించింది. పెట్టగానే ఆ ప్రయాణమంతా తిరిగొచ్చింది, వాడి పేరు, బండి నంబరు, ఎక్కిన టైము, దిగిన టైము. మ్యాపులో నీలం గీత పెద్ద రోడ్డు వదిలి మామిడితోటలోకి పోయి ఒకచోట ఆగింది. అన్నిటికీ ఫొటోలు తీయించి దాపెట్టమంది. గీత ఆగిన ఆ చోటు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది.

ఆసుపత్రి కిటికీ దగ్గర పోలీసు కాగితం ఏదని అడిగారు. గొంతు పెంచకుండానే అత్త అడ్డుపడింది. ముందు వైద్యం, కాగితం తర్వాత, కేసు పెట్టినా పెట్టకున్నా ఏ ఆసుపత్రైనా చూడాల్సిందే, చట్టం అదే చెబుతుందని నిలబడింది. జబ్బులు అంటకుండా, కడుపు నిలవకుండా ఇచ్చే మందులు మూడు రోజులు దాటకుండా మొదలుపెట్టాలనీ, ఎంత త్వరగా అయితే అంత మేలనీ నాకు అక్కడే తెలిసింది. స్నానం చేయించేశాం కదా ఇంకెందుకని ఇంట్లో కూర్చుని ఉంటే అవీ పోగొట్టుకునేవాళ్ళం. పరీక్ష చేసే డాక్టరమ్మ ప్రతిదానికీ ముందు అడగాలని, వద్దంటే ఆగాలని అత్త చెల్లెలికి ముందే చెప్పి లోపలికి పంపింది. రెండుసార్లు వద్దందట. రెండుసార్లూ ఆగారట.

కవర్లలోవాటితో పాటు, స్నానం తర్వాత వేసుకుని వచ్చిన బట్టలు కూడా ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. అప్పుడు సంచి అడుగునుంచి అత్త ఒక కొత్త చుడీదారు తీసింది. చిలకాకుపచ్చది. అంచున చిన్నగా పసుపు పూసి ఉంది. నేను అలా చూస్తుంటే తనే చెప్పింది. "సాక్ష్యానికని బట్టలు తీసుకుంటారు. ఆడబిడ్డ దుప్పటి కప్పుకోని ఇంటికి పోతాది. సర్వీసులో అది సూసి సూసి, అప్పట్నించి ఒక జత పెట్టుకుంటా ఉండాను." మరి ఆ పసుపేమిటన్నాను. "కొత్త బట్ట కదా మే. పసుపు పెట్టకుండా యెట్లిచ్చేది?" అంది.

ఇక్కడివరకు రాసింది చదివితే నేను బుద్ధి తెచ్చుకున్నాననుకుంటారు. తెచ్చుకోలేదు.

మర్నాడు చెల్లెలు కేసు పెడతానంది. నేను వద్దన్నాను. నలుగురికీ తెలిస్తే అమ్మ తట్టుకోలేదని అన్నాను. నా మనసులో ఉన్నది మాత్రం బడి, పిల్లల తల్లిదండ్రులు, స్టాఫ్ రూములో గుసగుసలు. మరిచిపోయి బతకమని చెల్లెలికి పాఠం చెప్పాను. దాన్ని ఒప్పించమని అత్తనే బతిమాలుకున్నాను. పెట్టాలని గానీ వద్దని గానీ ఆమె ఒక్క మాట అనలేదు. "సెప్పేది ఆ పిల్ల. మనం పక్కన కూసునేవాళ్ళం, అంతే" అంది. నాకు అది పొగరుగా వినబడింది.

వాళ్ళిద్దరే పోయారు. ఇంటి దగ్గరి స్టేషన్లో మొదట ఇది చిత్తూరు వైపు సంగతి, అక్కడికి పొమ్మన్నారట. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకుని అటు పంపాలి కదా సార్ అని అత్త బల్లమీద నుంచి లేవలేదట. రాసుకున్నారు. కాగితం నకలు అడిగి తెచ్చుకున్నారు. ఒక ఆడ ఆఫీసరు మా ఇంటికే వచ్చి చెల్లెలు చెప్పింది రాసుకుపోయింది. పేరు బయటికి రాలేదు, నేను ఇన్ని భయాలు పడ్డానే, వీధిలో ఒక్కరికీ తెలియలేదు. యాప్ కంపెనీ వాళ్ళు అసౌకర్యానికి చింతిస్తున్నామని జవాబు పంపారు. ఆ ప్రయాణం రికార్డు చెరపొద్దని అడుగుతూ అత్త చెల్లెలితో తిరిగి రాయించింది. ఖర్చు లేకుండా వకీలును కోర్టు వాళ్ళే ఇస్తారని కనుక్కొచ్చింది. నిద్ర పట్టని రోజుల్లో మనసు డాక్టరు దగ్గరికీ తనే వెంట పోయింది. ఇవన్నీ చెల్లెలి నోట ముక్కలు ముక్కలుగా విన్నవే. నేను చూసినవి కావు.

ఆసుపత్రినుంచి వచ్చిన మూడో రోజు అమ్మ ఆ చిలకాకుపచ్చ చుడీదారు ఇంట్లో ఉండకూడదంది. చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుందని అమ్మ బాధ. నేను దాన్ని ఉతికి, మడిచి, కవర్లో పెట్టి, అత్త గేటుకు తగిలించి వచ్చేశాను. తలుపు కూడా కొట్టలేదు. ఆమె రాకపోతే ఈ సంగతి మా పెరట్లోనే ఆగిపోయేదన్న కోపం నాకు.

కేసు చిత్తూరు కోర్టుకు వచ్చింది. వాయిదా ఉన్న ప్రతిసారీ నాకు పరీక్షల పనో, పేపర్లు దిద్దడమో, సెలవు దొరకకపోవడమో ఉండేది. పెరుగన్నం డబ్బా, ఆ ఖాకీ సంచి పట్టుకుని అత్త చెల్లెలితో బస్సెక్కేది. ఎప్పుడైనా ఎదురుపడితే "బాగుండావా మే" అనేది. నేను తలూపి స్కూటీ స్టార్ట్ చేసేదాన్ని. ఆమెను చూస్తే నా చేతిలో చెంబు గుర్తొచ్చేది. ఆమె నన్ను ఒక్కనాడూ తప్పుపట్టలేదు. పట్టి ఉంటే పోట్లాడి, ఏడ్చి, మళ్ళీ ఆమె గుమ్మంలో కాఫీ తాగేదాన్నేమో. క్షమించమని అడగడానికి రోడ్డు దాటితే చాలు. రెండేళ్ళలో దాటలేదు.

ఆమె పోయిన పదకొండో రోజు దాటాను. వేరే ఊళ్ళో ఉండే ఆమె కోడలు వచ్చి సామాన్లు సర్దుతోంది. మేకుకు సంచి అలాగే ఉంది. ఇది తీసుకోనా అని అడిగితే, పాత గుడ్డసంచి కదా, తీసుకోండి అంది.

ఇంటికి తెచ్చి విప్పాను. కాగితం కవర్లు, నీళ్ళ సీసా, ఒక గళ్ళ తువ్వాలు, అడుగున రెండు జతలు. ఒకటి కొత్తది. రెండోది నేను గేటుకు తగిలించిన చిలకాకుపచ్చదే. ఇస్త్రీ చేసి ఉంది. అంచున పాత పసుపు మరక పైన తాజాగా పూసిన పసుపు. ఇది ఇన్నాళ్ళూ ఇంకెవరికీ ఎందుకు ఇవ్వలేదో అని చెల్లెలితో అన్నాను.

"అది నాది కదక్కా" అంది చెల్లెలు. "ఇంట్లో వద్దన్నారని అత్త దగ్గర పెట్టుకున్నాను. వాయిదా రోజు వాళ్ళింటికి పోయి అది వేసుకుని పోయేదాన్ని. వచ్చినాక మార్చుకుని ఇంటికి వచ్చేదాన్ని. పోయే ముందర ప్రతిసారీ అత్త కొత్తగా పసుపు పెట్టేది."

నా గురించి ఏమైనా అనేదా అని అడిగాను. ఏమీ అనేది కాదంది. తువ్వాలు చేతిలోకి తీసుకుంది.

"బస్సులో ముగ్గురు కూర్చునే సీటు చూసి పట్టేది. మూడో చోట ఇది వేసేది. ఎవరికని అడిగితే, మీ అక్క వస్తాదేమో అనేది. బస్సు కదిలేదాకా కిటికీలోంచి చూసి, అప్పుడు తీసేసేది."

నేను ఏడ్చాను. చెల్లెలు నన్ను ఊరుకోమనలేదు, కాస్త ఎడంగా నేలమీద కూర్చుని, గ్లాసుతో నీళ్ళిచ్చింది.

పోయిన వారం మళ్ళీ వాయిదా. సెలవు పెట్టాను. చెల్లెలు మా ఇంట్లోనే ఆ చుడీదారు వేసుకుంది. అంచున పసుపు నేను పెడదామనుకుంటుంటే, వంటింట్లోంచి అమ్మ వేలికి పసుపు అద్దుకుని వచ్చింది. మా వీధివాకిలి లోంచే బయటికి వచ్చాం. ఎదుటి గేటుకు తాళం వేసి ఉంది.

చిత్తూరు బస్సులో చెల్లెలు ముగ్గురి సీటు చూసి పట్టింది. తను కిటికీ పక్కన, నేను ఈ చివర. మధ్యలో గళ్ళ తువ్వాలు వేసింది. జనం ఎక్కుతున్నారు. ఇక్కడ ఎవరైనా ఉన్నారామ్మా అని ఒకామె అడిగింది. నేను చెల్లెలి వైపు చూశాను. అది కిటికీలోంచి బయటికి చూస్తోంది. వస్తారండీ అని చెప్పాను. ఆమె వెనక్కి పోయింది. కాసేపటికి బస్సు కదిలింది. చెల్లెలు తువ్వాలు తీసి, మడిచి, సంచిలో పెట్టుకుంది.