ఫోటో కింద పేరు, ఊరు

ఫ్రీలాన్స్ పని, అంటే ఏ కంపెనీలోనూ చేరకుండా సొంతంగా వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చే పని, మొదలుపెట్టాలనుకునే పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. మొదటి క్లయింట్ ఎలా దొరుకుతాడు, డొమైన్, అంటే సైట్ చిరునామా, ఎవరి పేరు మీద తీసుకోవాలి, ముందు ఏది నేర్చుకోవాలి. వీటన్నిటికీ జవాబులు పుస్తకాల్లో ఉన్నాయి. నేను కాలేజీలో కంప్యూటర్లు చదవలేదు. బస్తర్‌లోని ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో, టౌన్‌షిప్ లైబ్రరీలో, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో పుస్తకాన్ని రెండేసిసార్లు చదివి నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ ఇక్కడ రాయబోయే సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. వెతికి చూశాకే ఈ మాట అంటున్నాను. బస్తర్‌లో ఈ పని చేసేవాళ్ళకి ఇది తెలియకపోతే నష్టపోయేది వాళ్ళు కాదు, ఇంకెవరో. అందుకే ఇది రాతలో ఉండాలి.

అది 2018, చింతపండు సీజన్. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గనిలో డంపర్ నడిపేవాడు. ఎర్ర దుమ్ము పడని బట్ట మా ఇంట్లో ఉండేది కాదు. నేను మొదట కిరందుల్, బచేలీ బజార్లలోనే తిరిగాను. కిరాణా, ఫ్యాన్సీ, స్వీటు కొట్లు, ఎవరూ ఒప్పుకోలేదు. "షిఫ్ట్ సైరన్ కొడితే జనం వాళ్ళే వస్తారు. దానికి ఇంటర్నెట్ ఎందుకమ్మా?" అని ఒక సేఠ్ నవ్వాడు. అతని మాటలో తప్పేమీ లేదు. చివరికి మా పక్క క్వార్టర్ రత్నం అత్త దారి చూపించింది. ఆమె తమ్ముడు ముత్తయ్యకి దోర్నపాల్‌లో హైవే పక్కన అడవి సరుకు కొట్టు ఉంది. చింతపండు, ఇప్ప పువ్వు, కరక్కాయ కొంటాడు. సరుకు కొనే హైదరాబాద్ పార్టీ ఒకటి "మీకు వెబ్‌సైట్ ఉందా?" అని అడిగిందట.

మొదటిరోజు ముత్తయ్య నన్ను కూర్చోబెట్టిన చోటు నాకు బాగా గుర్తు. ల్యాప్‌టాప్ తెర తనకి కనబడేలా, వీధికి నా వీపు ఉండేలా కూర్చోబెట్టాడు.

"నిన్నెవరు పంపిన్రు?"

"రత్నం అత్త."

"రత్నాన్ని ఎవరు పంపిన్రు?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు. నా ఎదురుగానే అక్కకి ఫోన్ చేసి మా నాన్న పేరు, క్వార్టర్ ఎటువైపో అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాతే టీ వచ్చింది.

నాకు మాత్రం అతని మీద అనుమానం లేదా? ఉంది. ఫోన్ వస్తే బయటికి వెళ్ళి మాట్లాడేవాడు. వెనక గదికి తాళం వేసి ఉండేది. అందులో ఏముందంటే "చింతపండు" అన్నాడు. ముందు గదిలో ఉన్నదీ చింతపండే కదా, దానికి లేని తాళం దీనికెందుకని ఆలోచించాను. (తర్వాత చూస్తే నిజంగా చింతపండే. గింజ తీసినది.) అడవిలో నక్సలైట్లు, రోడ్డు మీద పోలీసులు ఉండే దోర్నపాల్‌లో అడుగుపెడితే ఎవరైనా ఇలాగే అయిపోతారు. బస్సు దిగినవాణ్ణి టీ కొట్టువాడు చూస్తాడు, టీ కొట్టులో కూర్చున్నవాణ్ణి బస్సు కండక్టరు చూస్తాడు.

చిన్న వ్యాపారాల వెబ్‌సైట్ల గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఒక మాట మీద నిలబడ్డాయి: కొనేవాడికి నమ్మకం కలగాలంటే మనుషుల్ని చూపించు. సరుకు ఎవరి చేతుల మీదుగా వస్తుందో చూపించు, పేరు చెప్పు, ఊరు చెప్పు. ముత్తయ్యకీ అది నచ్చింది. "హైదరాబాదోళ్ళు గదే అడిగిన్రు. ఎక్కడి సరుకని" అన్నాడు. సంత రోజున ఒక అడవి ఊరి నుంచి గంపలతో వచ్చిన నలుగురు ఆడవాళ్ళని, ఫోటో తీస్తానని అడిగాను. ఒకరినొకరు తోసుకుంటూ, జుట్టు సర్దుకుంటూ ఒప్పుకున్నారు. వాళ్ళలో కాస్త తెలుగు మాట్లాడే ఆమె దేవె. మిగతావాళ్ళని వరసలో నిలబెట్టింది ఆమే. కొట్టు గోడ ముందు నలుగురూ నిలబడ్డారు. ఎండకి ఎవరూ నవ్వలేకపోయారు. పేర్లూ ఊరూ ముత్తయ్య చెప్పాడు. ఫోటో కింద చక్కగా రాశాను.

సైట్ నెట్‌లోకి ఎక్కింది. అందులో విజిటర్ కౌంటర్ అని ఒకటి పెట్టాను. పేజీని ఎంతమంది చూశారో అది లెక్క చూపిస్తుంది. లెక్క పెరుగుతుంటే పొంగిపోయి, మళ్ళీ వెళ్ళినప్పుడు ముత్తయ్యకి చూపించాను.

"ఎవరు ఈళ్ళంత?"

"తెలీదు బాబాయ్. ఎక్కడివాళ్ళైనా కావచ్చు."

"ఎవరో తెల్వకుండనే మన కొట్లకొచ్చి చూసి పోతున్నరా?"

"అదే కదా వెబ్‌సైట్ అంటే."

అతను రోడ్డు వైపు ఒకసారి చూశాడు.

ఆ తర్వాత వచ్చిన సంతకి ఆ ఊరి ఆడవాళ్ళు గంపలతో వచ్చారు. ముత్తయ్య కొట్టు ముందు ఆగకుండా తల తిప్పుకుని వెళ్ళి, ఎదురు వరసలో ఇంకో కొట్టులో దించారు. దేవె అసలు రాలేదు. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిస్తేనే ఇది అర్థమవుతుంది. ఒక ఊరు ఒక కొట్టుకి అలవాటు పడుతుంది. తల్లి దించిన చోటే కూతురూ గంప దించుతుంది. ఊరు తిరిగిపోయిందంటే సీజన్ పోయినట్టు మాత్రమే కాదు, ఆ కొట్టువాడి మీద ఏదో మాట పడినట్టు.

ముత్తయ్య ఫోన్ చేశాడు. పలకరింపు లేదు. "నిజం చెప్పమ్మా. నువ్వు ఎవరి మనిషివి?"

మర్నాడే బస్సెక్కాను. నాకు అనుమానం ఎదురు కొట్టువాడి మీద. సరుకు లాక్కోవడానికి ఏదో పుకారు పుట్టించి ఉంటాడని దారంతా మనసులో అతనితో పోట్లాడుతూనే ఉన్నాను. చెక్‌పోస్టులో బ్యాగు తెరిపించారు. ల్యాప్‌టాప్ ఎందుకన్నారు. చింతపండు కొట్టుకి వెబ్‌సైట్ అన్నాను. నా నోటితో నేను అంటుంటేనే అది నమ్మదగ్గ మాటలా వినబడలేదు.

ఎదురు కొట్టువాడు ఏ పాపమూ ఎరగడు. ముత్తయ్య కబురు మీద కబురు పంపితే, ఆ మధ్యాహ్నం దేవె వచ్చింది. ఆమెతో ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి, కొట్టులోకి రాకుండా అరుగు దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు. దేవె గంప తేలేదు. ఖాళీ చేతులతో ఆమెని చూడటం నాకదే మొదటిసారి.

"అక్కా, ఫోటో మిమ్మల్ని అడిగే తీశాను కదా" అన్నాను ముందుగానే.

"అడిగినవ్. కింద పేరు రాస్తనని అడిగినవా? ఊరు రాస్తనని అడిగినవా?"

"అది... కొనేవాళ్ళకి నమ్మకం కోసం."

"ఎవరికి నమ్మకం?" ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు చదువుకున్నదానివి. రోజూ పేపర్ చూస్తవా లేదా? మావోళ్ళని వరసల నిలబెట్టి, గోడ ముందర, కింద పేరు రాసి, ఊరు రాసి ఎప్పుడేస్తరు పేపర్ల?"

ప్రతి ఉదయం లైబ్రరీలో హిందీ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేదాన్ని. లోపలి పేజీల్లో ఆ ఫోటోలు చూస్తూనే ఉన్నాను. వరసగా మనుషులు, ఎండకి ముడుచుకున్న మొహాలు, కింద పేర్లు, ఊళ్ళు. పోలీసులకి లొంగిపోయినవాళ్ళు. పట్టుబడినవాళ్ళు. నేను తీసిన ఫోటో వాటి పక్కన పెడితే తేడా గంపలు మాత్రమే.

జరిగింది ఇది. సంత పక్కన రీఛార్జ్ కొట్టు జగదీశ్ ఫోన్‌లో ఆ పేజీ చూసి, మంచి మాటగానే, "మీ ఊరు నెట్‌లోకొచ్చింది" అని ఆ ఊరివాళ్ళకి చూపించాడు. ఊళ్ళో ఆ మాట వేరేగా చేరింది. దేవె పోయి పోలీసుల దగ్గర పేరు రాయించుకుందని, ముగ్గుర్ని తనతో రాయించిందని. అడవి లోపలివాళ్ళ, అంటే నక్సలైట్ల, చెవిన పడితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు, ఆమె కూడా చెప్పలేదు. ఊరి పెద్దలు కూర్చుని దేవెని అడిగారు: ఎవరికిచ్చినవ్ ఫోటో? ఆమె దగ్గర జవాబు లేదు. ఆ జవాబు తీసుకుపోవడానికే వచ్చింది.

అప్పటికప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి ఫోటో, దాని కింది పేర్లూ ఊరూ తీసేశాను. దేవె తలాడించి నేరుగా జగదీశ్ దగ్గరికి నడిచింది. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని నేను, మిగతావాళ్ళు వెనకే. అతను ఫోన్ తెరిచాడు. ఫోటో అక్కడే ఉంది.

"తీసేసిన అన్నవ్."

దీన్ని క్యాష్ అంటారు. ఒకసారి చూసిన పేజీ నకలుని ఫోన్ తన దగ్గర దాచుకుంటుంది, మళ్ళీ అడిగితే అదే చూపిస్తుంది. తెలిసినవాళ్ళకి చిన్న సంగతి. ఆ క్షణంలో మాత్రం నేను పట్టుబడిన దొంగని. ముత్తయ్య కూడా నా నుంచి ఒక అడుగు పక్కకి జరిగాడు. జగదీశ్ ఫోన్ తీసుకుని క్యాష్ తుడిచి, పేజీ మళ్ళీ తెరిచాను. ఫోటో ఉన్నచోట తెల్లటి ఖాళీ వచ్చింది.

"వేరేటోళ్ళ ఫోన్లల్ల?" అంది దేవె.

అబద్ధం చెప్పొచ్చు. ఆమెకి తెలిసే వీలు లేదు. "అది నా చేతిలో లేదక్కా. ఎవరైనా దాచుకుంటే నేను తియ్యలేను."

ఆమె ఆ ఖాళీ వైపు చూసింది. తర్వాత వేలు దాని మీద పెట్టింది. "ఈడ నీ ఫోటో పెట్టు. కింద నీ పేరు రాయి. నీ ఊరు రాయి."

నేను ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి ఆగిపోయాను. మా నాన్న రోజూ తెల్లవారుజామున గనికి వెళ్ళే బస్సు గుర్తొచ్చింది. చెక్‌పోస్టు గుర్తొచ్చింది. విజిటర్ కౌంటర్‌లో పెరిగే ఆ పేరులేని మనుషులు గుర్తొచ్చారు. ఎవరు వాళ్ళు?

"ఏంది? చెయ్యి ఆగింది?" అంది దేవె.

ముత్తయ్య మధ్యలోకి వచ్చాడు. "ఆడపిల్లది వద్దులే దేవే, నా ఫోటో పెడతది."

"నీ మొహం ఎవలికి కొత్త? చెట్టుకున్న కోతిక్కూడ తెల్సు. రాసింది ఆమె."

ఫోన్‌తోనే నా ఫోటో తీసి పెట్టాను. కింద రాశాను: శైలజ, కిరందుల్. ముత్తయ్య గొణుక్కుంటూనే "నాది గూడ పక్కన పెట్టు, ఒక్కదాన్నే ఎందుకు" అన్నాడు. అప్పుడు ఊరి పెద్దమనిషి మొదటిసారి దగ్గరికొచ్చాడు. ఫోన్‌లో నన్ను చూసి, ఎదురుగా నన్ను చూసి, మళ్ళీ ఫోన్ చూశాడు. వాళ్ళ దొర్లీ భాషలో ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?"

"ఫోటోల తెల్లగున్నది, ఇది అదేనా అని అనుమానమంట." దేవె నవ్వలేదు కానీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఊళ్ళె చెప్త. ఫోటో ఎవరికో ఇయ్యలేదు, రాసినోళ్ళ మొహాలు గూడ ఆడనే ఉన్నయని."

ఆ మాట ఊళ్ళో ఎంత పనిచేసిందో నాకు పూర్తిగా తెలియదు. తర్వాతి సంతకి దేవె ఒక్కతే గంపతో వచ్చి ముత్తయ్య కొట్టులో దించింది. ఆమె రాగలిగిందంటేనే ఊరు ఆమె జవాబుని ఒప్పుకున్నట్టు. తర్వాత మరో ఇద్దరు వచ్చారు. నాలుగో ఆమె మాత్రం మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు. ఆమెని తప్పు పట్టే హక్కు మాకెవరికీ లేదు.

నా ఫోటో ఆ సీజనంతా అక్కడే ఉంది. తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తే ఎత్తడానికి వెనకాడేదాన్ని. బస్సులో ఎవరైనా రెండోసారి చూస్తే, ఇతను ఆ పేజీ చూశాడా అనుకునేదాన్ని. నాన్నకి తెలిసి, "అక్కడ నీ మొహమెందుకే?" అని కోప్పడితే జరిగింది చెప్పాను. విని, "ఉండనీ" అన్నాడు.

అప్పటినుంచి ఏ కొట్టుకి పని ఒప్పుకున్నా, మనిషి ఫోటో పెట్టే ముందు రాతతో సహా తయారైన పేజీని ఆ మనిషికే చూపిస్తాను. ఎవరు చూస్తారని అడిగితే తెలియదని చెబుతాను. ఆ తెలియదన్న మాట పూర్తిగా అర్థమయ్యేదాకా ఆగుతాను. నమ్మకం కోసం మొహాలు చూపించమన్న పుస్తకాలు అబద్ధం చెప్పలేదు. ఎవరి మొహంతో ఎవరి నమ్మకం కొంటున్నామో అవి అడగలేదు, అంతే. ముత్తయ్య సైట్‌లో ఇప్పుడు చింతపండు ఉంది, గంప ఉంది, తూకం వేసే చేతులున్నాయి. సరుకు బాగానే పోతోంది.

ఈ పనిలో నాకు తోడున్నవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పకుండా ముగించలేను. లైబ్రరీ మూసే వేళ దాటినా లైటు ఆర్పని లైబ్రేరియన్ పాండే గారికి. దారి చూపించిన రత్నం అత్తకి. అనుమానిస్తూనే టీ పోసిన ముత్తయ్య బాబాయికి. తన ఫోన్ నా చేతికిచ్చి, ఇంకెవరి దగ్గరైనా ఆ ఫోటో ఉందేమోనని వారాల తరబడి అడిగి తుడిపించిన జగదీశ్‌కి. ఉండనీ అన్న మా నాన్న అప్పారావుకి. చివరగా, అందరికంటే ఎక్కువగా, నేను ఇక్కడ దేవె అని పిలిచిన ఆమెకి. అది ఆమె పేరు కాదు. ఊరి పేరు ఎక్కడా రాయలేదు.